ఘాటు వేరు, వాసన వేరు

చివరి రోజు

నా భార్య ఈశ్వరి చివరి రోజు ఇలా గడిచింది.

ఆరింటికి లైట్లు వెలిగాయి. రోజూలాగే ముందు ఆమెకు పన్నెండు చూశాను, తలలోని పన్నెండు నాడులు. ఒకటో నాడి, వాసన: లేదు. రెండు, చూపు: లేదు. మూడు, నాలుగు, ఆరు కనుగుడ్లను తిప్పేవి. అవి మూడూ లేవు. అయిదు: చెంప మీద దూదితో రాశాను, తెలియలేదు. ఏడు: ముఖంలో కదలిక లేదు. ఎనిమిది, వినికిడి: అది పోయి ఆరు రోజులైంది. తొమ్మిది: చెంచా కాడ నాలుక వెనక తాకించాను, డోకు రాలేదు. పది: 'ఆ' అనమని ఆమె అరచేతిలో వేలితో రాశాను. గాలి మాత్రమే వచ్చింది. పదకొండు: భుజాలు ఎత్తింది, ఎడమది కొంచెం తక్కువగా. పన్నెండు: నాలుక చాపింది. కుడికి తిరిగింది.

మెడ కింద అంతా బాగానే ఉంది. ఈ జబ్బులో అంతే. కాళ్ళు నడుస్తాయి, చేతులు పని చేస్తాయి. ముందురోజు కూడా గోడ పట్టుకుని వచ్చి బట్టలు మడత పెట్టింది. అంచులు సరిగ్గా కలిపి పెట్టింది.

పదింటికి నా చెయ్యి తీసుకుని అరచేతిలో రాసింది: 'అమ్మకు నువ్వు చూడు.' నేను ఆమె చేతిలో 'సరే' అని రాశాను. చెయ్యి వెనక్కి తీసుకోలేదు. మళ్ళీ 'సరే' అని రాశాను. అప్పుడు తీసుకుంది.

పదో నాడి పోయాక, మింగింది పొట్టలోకి పోవాలో ఊపిరితిత్తుల్లోకి పోవాలో గొంతుకు తెలియదు. గొట్టంతో గంజి పోస్తున్నాం. ఉమ్మిని ఏం చేయగలం? మధ్యాహ్నం నుంచి దగ్గు లేకుండానే ఊపిరి గరగరలాడింది. డాక్టర్ షమీమ్ వచ్చి పక్కకు తిప్పి పడుకోబెట్టింది. మూడున్నరకు అయిపోయింది. ఆమెకు నలభై మూడేళ్ళు.

మా అత్త తిమ్మక్క గిన్నెలు కడిగింది. కడిగినవే మళ్ళీ కడిగింది.

4వ రోజు

నేల కింద, ఈ లోపల కాగితం తక్కువ. మనిషి పోతే ఆ మనిషి పన్నెండు పుస్తకంలో మిగిలిన పేజీలు జతకు, అంటే రోజూ పన్నెండు చూసిన మనిషికి, ఇస్తారు. ఈశ్వరి పుస్తకంలో ముప్పై ఒక్క పేజీలు మిగిలాయి. వాటిలోనే రాస్తున్నాను.

ఎవరి పన్నెండు వారు చూసుకోకూడదు. అది మొదటి నియమం. ఇన్నాళ్ళూ మా ఇంట్లో నేను ఈశ్వరికి, ఈశ్వరి వాళ్ళమ్మకు, అత్త నాకు. ఇక ఇద్దరమే. తిమ్మక్క నాకు అత్తే కాదు, మేనత్త కూడా. నన్ను ఎత్తుకుని తిరిగిన మనిషి.

"కళ్ళు మూసుకో అత్తా."

"మూసినా. ఏం పెట్టినావు, కారమే గదా."

"నేను చెప్పకూడదు. నువ్వే చెప్పాలి."

"కారమప్పా, కారం. ముక్కులో మండతాంది. ఇంగ చాలు, తియ్యి."

ఒకటో నాడికి టిక్కు పెట్టాను. అక్షరాల అట్ట ఆఖరి వరుస దాకా చదివింది. వేలు చూపించి కంటితోనే వెంబడించమన్నాను.

"నా కండ్లు బాగుండాయి. నీ వేలే వణకతాంది. ముందు దాన్ని నిలబెట్టుకో."

పన్నెండూ ఉన్నాయి. పూర్తయ్యాక ఈ పుస్తకం వెనక్కి తిప్పి ఈశ్వరి పేజీలు చూశాను. ఒకటో నాడి ఎదురుగా రోజూ టిక్కు ఉంది. ఒకరోజు పొద్దున ఆమె అట్ట మీద మూడో వరుస చదవలేకపోయింది. ఆ పొద్దున కూడా ఒకటికి టిక్కే. ఒకటి పోకుండా రెండు ఎలా పోయిందని షమీమ్ అప్పుడే అడిగింది. తన గదిలో తన సీసాలతో పరీక్ష చేస్తే వాసన ఎప్పుడో పోయి ఉంది. అప్పటికి చూపు మసకేసి చాలా రోజులై, చేయి దాటింది.

ఆ టిక్కులన్నీ నావి.

6వ రోజు

నీళ్ళ వరుసలో నిలబడ్డాను. ఇక్కడ మనిషి ఎదురైతే తిన్నావా అని అడగరు, పన్నెండు అయిందా అని అడుగుతారు. నా వెనక పక్క అర సుబ్బరత్నమ్మ, ఆమె భర్త ఉన్నారు.

"మా ఆయనకు ఏడో నాడి పెండ్లినాడే పొయ్యింది" అంది ఎవరితోనో. "ఇంతవరకు నవ్విన పాపాన పోల్యా."

"నీ పన్నెండో నాడి కుదురుగా ఉంటే గదా నా ఏడోది కదిలేది" అన్నాడు ఆయన.

వరుసంతా నవ్వింది. అంతలో నన్ను చూశారు. నవ్వు ఆగింది. నాకోసం ఆపక్కర్లేదని చెప్పాలనుకున్నాను. నా బిందె వంతు వచ్చింది.

8వ రోజు

ఈశ్వరి పనికి వెళ్ళేటప్పుడు కట్టుకునే తలగుడ్డ ఉతకలేదు. స్టీలు క్యారియర్ గిన్నెలో పెట్టి, రబ్బరు రింగు వేసి, మూత బిగించాను. మెంతులు వేసి కాచిన ఆముదం రాసుకునేది. ఆ వాసన. మధ్యాహ్నం పని నుంచి వచ్చాక ఒక్కసారి తెరుస్తాను. పది ఊపిర్లు లెక్కపెట్టుకుని మూసేస్తాను. అత్తకు చెప్పలేదు. తెలిస్తే అడుగుతుంది. ఇద్దరం తెరిస్తే సగం రోజులకే అయిపోతుంది.

11వ రోజు

పనికి వెళ్ళాను. పైనుంచి గాలి దిగే బావిలో జల్లెడలు ఉంటాయి. వాటిని విప్పి, నల్లబూజు గీకి, సున్నపు నీళ్ళతో కడగడం నా పని. పద్నాలుగేళ్ళుగా అదే.

మనిషిలో కూడా ఒక జల్లెడ ఉంది. ముక్కు పైకప్పులో, కళ్ళ మధ్య, సన్నని ఎముక. దాని చిల్లుల్లోంచి వాసన నాడి పోగులు మెదడు అడుగుకు చేరతాయి. ఈ జబ్బు తెచ్చే బూజు ఆ చిల్లుల్లోంచే ఎక్కుతుంది. అక్కడినుంచి పుర్రె అడుగున ముందునుంచి వెనక్కి పాకుతుంది. నాడులకు అంకెలు వేసింది కూడా అదే వరుసలో. అందుకే ఒకటోది పోయిన వెంటనే పట్టుకోవాలి. పట్టుకుంటే మందు పోసి ఆ జల్లెడ దగ్గరే కాలుస్తారు. నలభై రోజులు గదిలో ఉంచి పంపిస్తారు. చూపు మసకేసి కొన్ని రోజులు దాటితే మందు అంత లోపలికి అందదు.

ఇదంతా నాకు ముందే తెలుసు. డిగ్రీలో జువాలజీ చదివాను. పన్నెండు నాడుల పేర్లు ఊపిరి తీయకుండా ఒప్పజెప్పేవాణ్ణి.

తలగుడ్డ వాసన ఇవాళ కొంచెం తగ్గింది. రింగు వదులైనట్టుంది.

14వ రోజు

రింగు మార్చాను. అయినా తగ్గుతోంది.

అత్త చేసిన గంజి చప్పగా ఉంది. నిన్న కూడా అంతే.

"జీలకర్ర వేయలేదా?"

"ఏసినా."

"తెలియడం లేదు."

"నీ పెండ్లాం చేతి గంజి నేనెట్ల చేస్తా నాయనా? ఉన్నదే తిను. నేను తినడంల్యా?"

ఉప్పు తెలుస్తోంది, పులుపు తెలుస్తోంది. మిగతాది ఏమీ లేదు. ఏసినా అన్నది కానీ వేయలేదేమో. లేదా తాను వేసిందో లేదో వాసన చూసి తెలుసుకోలేకపోయిందేమో.

ఈ ఆలోచన వచ్చాక తినలేకపోయాను.

18వ రోజు

పని నుంచి వచ్చేసరికి పెనం మీద జొన్నరొట్టె ఉంది. అంచులు నల్లగా కనబడి పరుగున వెళ్ళి తిప్పాను. అడుగు బొగ్గు. అత్త స్టవ్‌కు మూరెడు దూరంలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నిద్రపోవడం లేదు.

"అత్తా, మాడిపోయింది."

"అవునా" అంది. లేవలేదు.

తిమ్మక్క ముక్కుకు మా పదమూడో అరలో పేరుంది. గంజి తొట్ల దగ్గర ఆమె పని ముక్కుతోనే. పులిసిన పిండి మంచిదా చెడిందా అని మూత తీసి ఒక్కసారి పీల్చి చెబుతుంది. ఆమె సరే అంటేనే అరలోని నలభై కుటుంబాలకు పిండి వెళ్తుంది. ఆ మనిషి మూరెడు దూరంలో మాడుతున్న రొట్టెను పసిగట్టలేదు.

పొద్దున పన్నెండులో మాత్రం కారం సీసా పెట్టగానే తల వెనక్కి లాక్కుంది. కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి. టిక్కు పెట్టాను.

22వ రోజు

పన్నెండు డబ్బా మూత లోపల అట్ట ఊడింది. అతికిద్దామని తీస్తే దాని వెనక మొదట్లో డబ్బాతో పాటు ఇచ్చిన సూచనల కాగితం ఉంది. పద్నాలుగేళ్ళలో ఎవరూ తీసి చూడలేదు. అందరికీ నోటికి వచ్చని.

నాలుగో సూచన ఇక్కడ ఎత్తి రాస్తున్నాను: 'ఒకటో నాడి పరీక్షకు కాఫీ పొడి, సబ్బు, లవంగం, యాలకులు వాడాలి. కర్పూరం, మిరప, తలనొప్పి మందు వంటి ఘాటైనవి ఎట్టి పరిస్థితుల్లోనూ వాడరాదు. ఘాటును పట్టుకునేది అయిదో నాడి. ఒకటో నాడి పూర్తిగా పోయిన మనిషి కూడా ఘాటు తెలుస్తోందనే చెబుతాడు.'

డబ్బాలో ఇప్పుడు నాలుగు సీసాలు ఉన్నాయి. ఒకదానిలో కర్పూరం. రెండింటిలో కారం. ఒకదానిలో తలనొప్పి మందు.

అరలో అందరి డబ్బాలూ ఇలాగే ఉంటాయి. యాలకులు, లవంగాలు మొదటి నాలుగేళ్ళలోనే అయిపోయాయి. లోపల లైట్ల కింద మిరప బాగా కాస్తుంది. కారం కంటే గట్టి పరీక్ష ఏముంటుంది అనుకున్నాం. మా వాళ్ళకు కారం మీద ఉన్న నమ్మకం అలాంటిది. ముక్కులో మంట పుడితే ముక్కు బాగున్నట్టే.

మంట చెప్పింది అయిదో నాడి. టిక్కు పడింది ఒకటికి. అయిదో నాడి ఘాటును పట్టుకుంటుందని నా పాఠంలోనే ఉంది. దానికి మార్కులు కూడా వేశారు.

23వ రోజు

ఇది రాయకుండా తప్పించుకోవాలని నిన్నంతా చూశాను.

మా డబ్బాలో కాఫీ సీసా ఒక్కటే అసలుది మిగిలి ఉండేది. రెండు చెంచాల పొడి. ఈశ్వరికి కాఫీ అంటే ప్రాణం. పైన ఉన్నప్పుడు రోజుకు నాలుగుసార్లు తాగేది. సీసా తన ముక్కు దగ్గర పెట్టినప్పుడల్లా "ఇట్ల చూపించి మూతపెట్టడం పాపం" అనేది.

మా పెళ్ళయి ఇరవై ఏళ్ళు నిండిన రోజున ఆ సీసా ఖాళీ చేసి ఒక గ్లాసు కాఫీ కాచాను. పాలపొడి ఎక్కడో సంపాదించాను. సీసాలో కారం నింపి పెట్టాను. ఆ తరువాత అరవై మూడు రోజులకు ఆమె అట్ట మీద మూడో వరుస చదవలేకపోయింది.

ఆ అరవై మూడు టిక్కులు ఇప్పుడు లెక్కపెట్టాను.

కాఫీ గ్లాసు పట్టుకుని చాలాసేపు కూర్చుంది. ఎలా ఉందని అడిగాను. "వేడిగా ఉంది" అంది. ఇంకేమీ అనలేదు. సంతోషంతో మాట రాలేదనుకున్నాను.

24వ రోజు

షమీమ్ గదికి వెళ్ళాను. ఆమె మందు సీసాలు తుడుస్తోంది.

"ఏం ఓబులేసన్నా, నిద్ర పట్టడంల్యా?"

"ఒకటో నాడి పోయాక ఎన్ని రోజులు టైముంటుంది డాక్టరమ్మా?"

"ఎవురికి?"

"ఊరికే అడుగుతున్నా."

"ఈ మాట ఊరికే ఎవురూ అడగరన్నా." గుడ్డ పక్కన పెట్టింది. "కొందరికి ఇరవై రోజులు, కొందరికి అరవై. ఆ మీద చూపు మసకేస్తాది. మసక మొదలైనాక కూడా నాలుగైదు రోజులు చేయొచ్చు. తర్వాత నా చేతిలో ఏమీ ల్యా. పేరు చెప్పు."

"మందు పోస్తే వాసన తిరిగి రాదు కదా?"

"కాలిన జల్లెడలో ఏం మొలుస్తాది? మనిషి మిగులుతాడు. అది పోతాది. పేరు చెప్పన్నా."

చెప్పలేదు. చెబితే అత్తను ఆ సాయంత్రమే తొట్ల పని నుంచి తీసేస్తారు. నిజం కాకపోతే ఆమెకు మిగిలిన ఒక్క పనీ ఊరికే పోతుంది. ఇంకో కారణం కూడా ఉంది. సీసాల సంగతి చెబితే కాఫీ సంగతి చెప్పాలి. షమీమ్‌కు చెబితే అత్తకు తెలుస్తుంది. ముందు ఇంట్లో సరైన వాసనతో పరీక్ష చేసి, రూఢి చేసుకుని, అప్పుడు వస్తానని నాకు నేను చెప్పుకున్నాను.

గంజి చప్పబడింది పదమూడో రోజున. ఇరవై రోజులంటే ముప్పై మూడు. తొమ్మిది రోజులున్నాయి.

27వ రోజు

సరైన వాసన దొరకడం లేదు. షమీమ్ సీసాలు అడిగితే ముందు పేరు అడుగుతుంది. సబ్బు లేదు, ఇక్కడ అందరూ బూడిదతోనే తోముకుంటారు. జీలకర్ర, పులిసిన పిండి ఆమె చేతిలో రోజూ ఉండేవి. కళ్ళు మూసుకున్నా, చేతిలో గరుకు చూసి, నా అడుగుల చప్పుడు విని చెప్పేస్తుంది. వాసన తెలిసి చెప్పిందో అలవాటుగా చెప్పిందో నాకు తెలియదు. ఈశ్వరి విషయంలో నేను మోసపోయింది కూడా సగం ఇందుకే.

ఇవాళ ఒక సీసా కడిగి మంచినీళ్ళు పోసి పెట్టాను.

"ఏమీ ల్యా" అంది. "ఉత్త నీళ్ళు పెట్టినావు. యెవుర్ని మోసం చేస్తావు, నన్నా?"

దానివల్ల తేలింది ఏమీ లేదు. నీళ్ళలో ఘాటు ఉండదు కాబట్టి అయిదో నాడి కూడా లేదనే చెబుతుంది.

ఆమె ఊహించని వాసన ఒక్కటే ఉంది ఈ ఇంట్లో. స్టీలు గిన్నెలో ఉంది. అదీ దాదాపు అయిపోయింది. నాలుగు రోజులుగా తెరవడం మానేశాను, ఉన్న కాస్తా నిలుస్తుందని. ఇప్పుడు అది ఆమెకు పెట్టి, ఆమెకు తెలియకపోతే, రెండు నష్టాలు.

29వ రోజు

పొద్దున అత్త నాకు పన్నెండు చూసింది. కారం పెట్టింది, మండింది, టిక్కు పెట్టింది. అట్ట ఎత్తి పట్టుకుంది. ఆఖరి వరుసలో ఆగాను.

"తప్పు జదివినావు. మళ్ళీ చదువు."

"లైటు మసకగా ఉంది."

"నాకు ఈ తట్టునుంచి తలకిందుల్లోనే కనపడతాంది గదరా. నిద్ర ల్యాక సస్తాండావు నువ్వు."

రెండోసారి సరిగ్గా చదివాను. అన్నాళ్ళుగా వింటున్న వరుస కదా, నోటికి వచ్చు.

31వ రోజు

ఇక ఆగలేకపోయాను. ముప్పై మూడుకు రెండు రోజులే ఉన్నాయి. పొద్దున పన్నెండు దగ్గర డబ్బా తెరవకుండా గిన్నె తెచ్చాను.

"కళ్ళు మూసుకో అత్తా. చేతులు ఒళ్ళో పెట్టుకో."

"ఈ దినం ఏం మాయ తెచ్చినావు?"

మూత తీశాను. గుడ్డ ఆమె ముక్కుకు జానెడు దూరంలో పట్టుకున్నాను. పది లెక్కపెడదామనుకున్నాను. పదికి కూడా తెలియకపోతే చెయ్యి పట్టుకుని నేరుగా షమీమ్ దగ్గరికి తీసుకుపోవాలి. ఎలా చెప్పాలో మాటలు కూడా కూర్చుకుని ఉన్నాను.

మూడు దగ్గర నా మణికట్టు పట్టుకుంది.

"యాడిదిరా ఇది?"

"ఏమిటో చెప్పు. చెప్పాలి."

"మెంతులు. ఆముదం." కళ్ళు తెరవలేదు. "నా బిడ్డ తల."

గుడ్డ లాక్కుని ముఖానికి అదుముకుంది.  తరువాత గుడ్డలోంచే మాట్లాడింది. "ముప్పై దినాలు దాసిపెట్టుకున్యావు. ఒక్కనాడు నాకియ్యాలని తోచల్యా నీకు? నేను యెవుర్రా దానికి?"

 ఆమెకు ఉంది. ఒకటో నాడి ఉంది.

"మరి ఆ రొట్టె అత్తా? పక్కనే కూర్చుని ఉన్నావు."

"మాడతాంది తెలుసు. లేయబుద్ధి కాల్యా."

"జీలకర్ర?"

"పిడికెడు ఏస్తాండా. ఇంగెంత ఏసేది?"

"ఈ గుడ్డలో వాసన అయిపోయింది కదా, నీకెలా తెలిసింది?"

అప్పుడు గుడ్డ దించి నన్ను చూసింది.

"అయిపోవడమేంది నాయనా? గుప్పున కొడతాంటే."

గుడ్డ తీసుకున్నాను. పది ఊపిర్లు తీశాను. తరువాత ఇంకో పది. నూలు గరుకు ముక్కుకు తగిలింది. చమురు జిడ్డు పెదవికి తగిలింది. ఇంకేమీ లేదు.

రింగు వదులు కాలేదు. పదకొండో రోజునుంచి రాసిందంతా నా గురించే రాసుకున్నాను.

అత్త లేచింది. స్టవ్ వెలిగించిన చప్పుడు విన్నాను. కాసేపటికి వచ్చి కళ్ళు మూసుకోమంది. మూసుకున్నాను. ముఖం దగ్గర ఏదో పట్టుకుంది.

"చెప్పు."

పీల్చాను. పీల్చిన కొద్దీ ముక్కు లోపల వెచ్చబడింది. తెలిసింది అదొక్కటే. తెలిసిందే చెప్పాలి కదా.

"వేడిగా ఉంది" అన్నాను.

నా గొంతు నాకే వినబడింది. కళ్ళు తెరిచాను. ఆమె చేతి గరిటెలో వేయించిన జొన్నలు ఉన్నాయి. ఇంకా పొగ వస్తోంది. పద్నాలుగేళ్ళుగా ప్రతి ఇంట్లోనూ వేయిస్తున్న జొన్నలు. వాటిలో ఘాటు లేదు. సీసాలో అవి పోసుకుని ఉంటే సరిపోయేది.

అదే రోజు, పనికి వెళ్ళలేదు

కాఫీ సంగతి అత్తకు చెప్పాను. అన్నీ చెప్పాను. సీసా, కారం, అరవై మూడు టిక్కులు. తిడుతుందనుకున్నాను. తిట్టాలనే కోరుకున్నాను. ఆమె గరిటెలోని జొన్నలు ఒక్కొక్కటే పళ్ళెంలోకి రాల్చుతూ కూర్చుంది.

"ఆ కాపీ సగం నాకు తెచ్చిచ్చింది" అంది.

నాకు అర్థం కాలేదు.

"గ్లాసు కొంగులో దాసి తెచ్చింది. 'అమ్మా, నువ్వు తాగి ఎట్లుందో చెప్పు, నాకు వాసన తెలవడంల్యా' అనింది. పడిసెం పట్టింటాది లే అంటిని నేను. 'ఆయనకు చెప్పొద్దు, ఆశగా కాసిచ్చినాడు' అనింది. సరే అంటిని. అన్ని దినాలూ నోరు మూసుకున్యా. మర్సిపొయ్యి గాదు. దానికి నేనే గదా పన్నెండు చూపిచ్చుకునేది రోజూ. దాని ముక్కు సంగతి నువ్వు చూస్తాండావు గదా, టిక్కు పడతాంది గదా అనుకున్యా."

 బావిలో గాలి పంకా తిరుగుతున్న చప్పుడు.

తరువాత నేను అన్నాను, మసక మొదలై మూడు రోజులైందేమో, బహుశా అయిపోయినట్టే, ఆ గదికి వెళ్ళి నలభై రోజులు ముక్కు కాల్పించుకోవడం దేనికని. ఈశ్వరి వెళ్ళిన దారే కదా, ఒకటి తరువాత ఒకటి, నాకు వరుస తెలుసు అని. ఇది మాటవరసకు అనలేదు. మూడు వారాలుగా ఉన్న ఆలోచనే.

అత్త పళ్ళెం కింద పెట్టింది.

"నీకు సావాలనుంటే సావు. నేనాపను. నేను ఆపితే ఆగిందా అది? కానీ ముందు నాకు జతను చూసిపెట్టి సావు. రేపు పొద్దున నా పన్నెండు యెవురు చూస్తారు? ఆ సుబ్బరత్నమ్మా? మొగుని మూతే చూడదు, నా మూతి చూస్తాదా అది? ఎవురిది వాళ్ళు చూసుకోకూడదని రాసింది గదా నీ కాగితంలో. చదువుకున్నోడివి గదా. చెప్పు. యెవురు?"

నేను పళ్ళెంలోని జొన్నలు చూస్తున్నాను.

"దానికి ఏమని రాసిచ్చినావు చేతిలో?"

ఈశ్వరి చివరి రోజున అత్త గుమ్మం దగ్గర నిలబడి ఉందని నేను గమనించలేదు.

"సరే అని" అన్నాను.

"ఎన్నిసార్లు?"

"రెండుసార్లు."

"మరి?" అంది.

ఇప్పుడే లేచి వెళ్దామన్నాను. షమీమ్ ఇవాళ తొమ్మిదో అరలో ప్రసవానికి వెళ్ళిందట, లైట్లు ఆరేలోపు రాదు. గది తలుపుకు చీటీ పెట్టి వచ్చాను. చీటీలో పేరు రాశాను. నా పేరు. రాసేటప్పుడు అక్షరాల చివర్లు అలికినట్టు కనిపించాయి. రేపటికి ఇంకెంత ఉంటుందో తెలియదు. మందు అందుతుందో లేదో షమీమ్ చూస్తే గానీ తేలదు.

ఈశ్వరి తలగుడ్డ గిన్నె అత్త గూట్లో పెట్టాను. నాకు అది ఇక మామూలు గుడ్డే. ఆమెకు కాదు. రోజుకు పది ఊపిర్లే అని చెప్పబోయి ఊరుకున్నాను.

నా పన్నెండు పుస్తకంలో ఇవాళ్టి తేదీ ఎదురుగా అత్త నా ఒకటో నాడికి సున్నా చుట్టింది.  ఆ తరువాత నేను ఈశ్వరి పుస్తకం వెనక్కి తిప్పి, ఆ అరవై మూడు టిక్కులూ ఒక్కొక్కటే కొట్టేశాను. కొట్టేసిన చోటల్లా పక్కన 'కారం' అని రాశాను. చదివేవాళ్ళకు అర్థం కావాలి.

రేపు పొద్దున లైట్లు వెలగ్గానే అత్తను కూర్చోబెట్టి ముందు ఆమెకు పన్నెండు చూస్తాను. ఒకటో నాడికి వేయించిన జొన్నలు పెడతాను. అవి ఎలా ఉన్నాయో ఆమె చెబితే వింటాను. తరువాత నీళ్ళ వరుస దగ్గర ఆగి, అందరూ ఉన్నప్పుడు, సీసాల్లో కారం పారబోయమని చెబుతాను, ఎందుకో కూడా చెబుతాను, కాఫీతో సహా. చెప్పడం అయిపోయాక ఈ పుస్తకం తీసుకుని షమీమ్ గది తలుపు కొడతాను.